ఒపెరా డీవాని డ్రాగ్‌లో పేరడీ చేయాలంటే: ముందు పాట, తర్వాతే విగ్గు

ఒక మగమనిషి నేలమీద జీరాడే గౌను వేసుకుని, పియానోకి చెయ్యి ఆనించి నిలబడి, సోప్రానో గొంతుతో, అంటే ఆడవాళ్ళ పైస్థాయి గొంతుతో, టోస్కా ఒపెరాలోని పాట ఎత్తుకుంటే జనం నవ్వుతారు. ఆ మొదటి నవ్వు ఎవరికైనా వస్తుంది, దానికి పెద్ద కష్టపడక్కర్లేదు. కానీ రెండో నిమిషానికి నవ్వు ఆపి వినడం మొదలుపెట్టి, పాట అయ్యేసరికి మళ్ళీ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారనుకోండి, అప్పుడు స్టేజీ మీదున్న మనిషికి పని వచ్చినట్టు. మగవాళ్ళు ఇలా ఆడవేషం కట్టి ఆడటాన్ని డ్రాగ్ అంటారు, ఒపెరాలో పేరుమోసిన గాయనిని డీవా అంటారు. ఈ రెండో రకం ఎలా సాధించాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను, చాలా ఏళ్ళుగా ఈ రికార్డింగులు చూస్తూ, వింటూ, కొంచెం నేనూ పాడుతూ నేర్చుకున్నవి ఇవి.

ఈ పనికి గురుపీఠం లాంటిది ఒకటుంది, ముందు దాని గురించి తెలుసుకోవాలి. 1981లో న్యూయార్క్‌లో ఐరా సిఫ్ అనే గాయకుడు లా గ్రాన్ షేనా ఒపెరా కంపెనీ మొదలుపెట్టాడు. ఆడపాత్రలన్నీ మగవాళ్ళే, ఫాల్సెట్టో అనే సన్నటి పైగొంతులో. ఆయన వేషం పేరు మేడమ్ వెరా గలూపే బోర్ష్. ఒపెరాలో బరువైన గొంతుల్ని డ్రమాటిక్ సోప్రానో అంటారు కదా, వెరా మాత్రం ట్రమాటిక్ సోప్రానో, అంటే వింటే గాయమయ్యే రకం. ఈ సిఫ్ బయటినుంచి వచ్చి ఎగతాళి చేసినవాడు కాదు, కుర్రతనంలో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరాలో నిలబడే టికెట్ల మీద రాత్రుళ్ళు రాత్రుళ్ళు డీవాల్ని విని పెరిగినవాడు, తర్వాతి కాలంలో అదే మెట్ రేడియో ప్రసారాల్లో వ్యాఖ్యాతగా కూర్చున్నాడు, గొంతు పాఠాలు చెప్తాడు, ఒపెరాలు డైరెక్ట్ చేస్తాడు. అంటే పేరడీ చేసినవాడిని ఆ ఇంటివాళ్ళే లోపలికి పిలిచి పీట వేశారన్నమాట. ఎందుకు పిలిచారో అర్థమైతే మీకు సగం పని అయిపోయినట్టే.

మొదటి పని వినడం. ఇది బోర్ అనుకుని వదిలేసి నేరుగా మేకప్ దగ్గరికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ, అక్కడే దెబ్బ తింటారు. ఒక్క పాట తీసుకోండి, ఉదాహరణకి టోస్కాలో ‘విస్సీ దార్తే’, మూడు నిమిషాల పైచిలుకు అంతే. దాన్నే మరియా కల్లాస్ గొంతులో, రెనాటా టెబాల్డి గొంతులో, జింకా మిలానోవ్, లియోంటిన్ ప్రైస్, మొంత్సెరాత్ కబాయే, ఇలా ఐదుగురి దగ్గర వరసగా వినండి, పక్కన కాగితం పెట్టుకుని. ఎక్కడ ఊపిరి తీసింది, ఏ స్వరం నుంచి ఏ స్వరానికి జారింది, ఏ నోటుని వదల్లేక పట్టుకుంది, ఎక్కడ గొంతుని ఛాతీలోకి దించింది, అన్నీ రాసుకోండి. కబాయే అయితే పైస్థాయిలో సన్నని దారంలాంటి నోటు పట్టుకుని వదలదు, అది తేలుతూనే ఉంటుంది. జోన్ సదర్లాండ్ వేరే పాటల్లో వింటే స్వరాలు ముత్యాలు గానీ హల్లులు వినబడవు. కల్లాస్ కింది స్థాయికి దిగితే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ అలవాట్లే మీ ముడిసరుకు. వీటిలోంచి రెండో మూడో తీసుకుని మీ డీవాకి సొంతం చేయండి, ఒక్కరినే దింపేయకండి. దింపేస్తే అది మిమిక్రీ అవుతుంది, ఆ గాయని తెలియనివాళ్ళకి ఏమీ ఎక్కదు.

ఇక గొంతు. ఫాల్సెట్టో అంటే దొంగగొంతు అని చాలామందికి చిన్నచూపు, అది తప్పు. మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మందంగా, దాదాపు మొత్తం కదులుతాయి, ఫాల్సెట్టోలో అవి సాగి పల్చబడి అంచులు మాత్రమే కంపిస్తాయి, అందుకే ఆ గొంతు తేలిగ్గా, వేణువులా వస్తుంది. కౌంటర్‌టెనర్లు, అంటే ఆడవాళ్ళ స్థాయిలో పాడే మగ గాయకులు, జీవితాంతం పాడేది ప్రధానంగా దీన్ని పెంచుకునే. కాబట్టి ఇది నేర్చుకోవాల్సిన గొంతు, అరిచి తెచ్చుకునేది కాదు. చాలామంది మగవాళ్ళకి ఫాల్సెట్టోలో మెజో సోప్రానో స్థాయి, అంటే ఆడగొంతుల్లో మధ్యస్థాయి, సుఖంగా ఉంటుంది, పైన ఉన్న సోప్రానో నోట్లు కష్టం. విస్సీ దార్తేలో పైన బి ఫ్లాట్ ఉంది, మొదటిరోజే దాని మీదికి ఎగబడొద్దు.

నా సలహా, 1875 నాటి కార్మెన్ ఒపెరాలోని హబనేరా అనే పాటతో మొదలుపెట్టండి. పాట మధ్యస్థాయిలోనే తిరుగుతుంది, ఊపిరికి చోటుంటుంది, పైగా మొదటి వాక్యం అర మెట్టు అర మెట్టుగా కిందికి దిగుతుంది కాబట్టి సుతి ఒక్క వెంట్రుకవాసి తప్పినా మీకే తెలిసిపోతుంది, అద్దంలా చూపిస్తుంది. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. గొంతు బొంగురుపోతే ఆరోజుకి ఆపేయండి, మర్నాడు కూడా అలాగే ఉంటే పాడొద్దు, రోజుల తరబడి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. వీలుంటే కౌంటర్‌టెనర్లకి నేర్పే టీచర్ దగ్గర కొన్నాళ్ళు కూర్చోండి. పాట శ్రుతి కిందికి దించి పాడటం సిగ్గుపడాల్సిన పని కాదు, ఒపెరా వాళ్ళు కూడా దించుకుంటారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అపశ్రుతిలో పాడి నవ్వించడం ఈ కళ కాదు. ఫ్లోరెన్స్ ఫోస్టర్ జెంకిన్స్ అని 1944 అక్టోబరులో కార్నెగీ హాల్లో పాడిన ఆవిడ ఉంది కదా, ఆవిడ రికార్డులు విని జనం ఇప్పటికీ నవ్వుతారు, కానీ ఆవిడ పేరడీ చేయలేదు, మనసారా పాడింది, నెల తిరిగేసరికి చనిపోయింది కూడా. ఆవిడని చూసి నేను కూడా తప్పుగా పాడతా సరదాగా ఉంటుంది అనుకుంటే ఐదు నిమిషాలకి ఆడియన్స్ ఫోన్లు తీస్తారు. నవ్వు పుట్టేది సరిగ్గా పాడగలిగినవాడు ఒక్క అంగుళం ఎక్కువ చేసినప్పుడు. ఆ ఒక్క అంగుళం, అంతే, మూరెడు కాదు. న్యూయార్క్‌లోనే 1974లో పుట్టిన బాలే ట్రొకాడెరో అనే డాన్సు బృందంలోని మగవాళ్ళని చూడండి, బొటనవేళ్ళ మీద నిజంగా నిలబడి నిజంగా తిరుగుతారు, అందుకే వాళ్ళలో ఒకరు చిన్నగా తడబడినట్టు నటిస్తే హాలు మొత్తం పడి పడి నవ్వుతుంది.

ఆ అంగుళం ఎక్కడ పెట్టాలో ఒక సీన్ దగ్గరగా చూపిస్తాను, టోస్కా రెండో అంకం చివర. ఈ ఒపెరా 1900 జనవరిలో రోమ్‌లో మొదటిసారి ఆడింది. కథానాయిక టోస్కా పోలీసు అధికారి స్కార్పియాని కత్తితో పొడిచి చంపేసింది, ఇక పాట దాదాపు లేదు, ఆర్కెస్ట్రా మెల్లగా నడుస్తుంటుంది, ఆవిడ చేయాల్సిన పనులన్నీ స్కోరులోనే, అంటే స్వరాలు రాసిన పుస్తకంలోనే, రాసున్నాయి. బల్ల మీది నీళ్ళతో వేళ్ళు కడుక్కోవాలి, అద్దంలో చూసి జుట్టు సరిచేసుకోవాలి, ఊరు దాటడానికి వాడు రాసిచ్చిన అనుమతి పత్రం కోసం వెతకాలి, అది చచ్చినవాడి పిడికిట్లో కనపడితే లాక్కోవాలి, తర్వాత వెళ్ళబోతూ ఆగి రెండు కొవ్వొత్తులు తెచ్చి వాడి తలకి చెరోపక్క పెట్టాలి, గోడ మీది శిలువ తీసి ఛాతీ మీద పెట్టాలి, దూరంగా డ్రమ్ముల చప్పుడు వినపడగానే వెళ్ళిపోవాలి.

మళ్ళీ చదవండి ఆ వరస. మనిషిని చంపాక అద్దంలో జుట్టు సరిచేసుకుంటోంది! మీరు కొత్తగా జోకు కనిపెట్టక్కర్లేదు. ఆ జుట్టు పనికి హత్యకి పట్టినదానికన్నా ఎక్కువ టైమ్ తీసుకోండి, ఒక పాయ సరిగ్గా కూర్చోదు, మళ్ళీ చూసుకోండి, ఇంకో పక్కకి తిరిగి చూసుకోండి. ముఖంలో మాత్రం భయం అలాగే ఉండాలి, అది పోతే సీన్ పోయినట్టే. తర్వాత పిడికిలి తెరుచుకోదు, ఒక వేలు విప్పితే ఇంకోటి మూసుకుంటుంది, స్కార్పియా వేసినతను కళ్ళు మూసుకునే వేళ్ళతో మీకు సాయం చేయాలి, ఇది పది రిహార్సల్స్ తీసుకుంటుంది కానీ చేసి తీరాల్సిందే. కొవ్వొత్తుల దగ్గరికి వచ్చేసరికి ఏమీ చేయకండి. పూర్తి నిష్ఠగా, నిజమైన టోస్కా ఎలా పెడుతుందో అలాగే పెట్టండి. అప్పటిదాకా నవ్విన హాలు గప్‌చిప్ అయిపోతుంది, నేను చూశాను.

దీనికి ముందే ఒక వాక్యం ఉంది, ఈ మనిషి ముందే రోమ్ అంతా వణికింది అనే అర్థంలో. ఒకే స్వరం మీద, బాగా కింద ఉంటుంది, చాలామంది సోప్రానోలు దాన్ని పాడకుండా మాటలా అనేస్తారు. రాత్రంతా ఫాల్సెట్టోలో పాడిన మగమనిషికి ఇది దేవుడిచ్చిన వరం. ఆ ఒక్క వాక్యానికి మీ అసలు గొంతులోకి దిగండి, బారిటోనైతే (మగవాళ్ళ మధ్యస్థాయి గొంతు) బారిటోన్ గొంతుతోనే. జనం ఉలిక్కిపడతారు, నవ్వుతారు, ఆ వెంటనే కొంచెం భయం కూడా వేస్తుంది. ఇది రాత్రికి ఒక్కసారే వాడండి. రెండోసారి వాడితే ట్రిక్ అయిపోతుంది.

ఇంకో మంచి సీన్ వెర్డీ ఒపెరా ట్రావియాటా చివరి అంకం, క్షయతో చచ్చిపోతున్న కథానాయిక వయొలెట్టా ఉత్తరం చదివే చోటు. అక్కడ పాట లేదు, మాటలే, వెనక వయొలిన్ మీద మొదటి అంకంలోని ప్రేమ పాట సన్నగా వస్తుంటుంది. చాలామంది కొత్తవాళ్ళు ఉత్తరం తలకిందులుగా పట్టుకోవడం, కళ్ళజోడు వెతుక్కోవడం లాంటివి చేస్తారు, నాకది చవకబారుగా అనిపిస్తుంది. ఆ ఉత్తరం ఆవిడ వందసార్లు చదివింది, కంఠతా వచ్చు. కాబట్టి కాగితం వైపు చూడకుండానే చదవండి, అది పేరడీకి పేరడీ, నిజానికి నిజం. చదవడం అయ్యాక ఆలస్యమైపోయింది అని ఒక్క కేక ఉంటుంది, దాన్ని ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా పెట్టండి, అసలు డీవాలే అక్కడ ఆగరు. చచ్చిపోయే ముందు నొప్పులన్నీ ఒక్కసారిగా పోయి, కొత్త బలం వచ్చి లేచి నిలబడుతుంది, అది కూడా వెర్డీ రాసిందే, మీరు కాస్త ఎక్కువ ఆరోగ్యంగా లేవండి చాలు.

వేషం గురించి తక్కువే చెప్తాను, మేకప్ నేర్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నాలుగు విషయాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. కార్సెట్ బిగించేటప్పుడు ఊపిరి నిండా పీల్చి పక్కటెముకలు విచ్చుకున్నాక బిగించాలి, వదిలాక బిగిస్తే పాట మధ్యలో గాలి అందదు, ఒకసారి వేరేవాళ్ళు నాకు తొందరలో అలా బిగిస్తే రెండో పాట మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గౌను వెనక తోక పొడుగ్గా ఉంటే తిరిగేటప్పుడు ముందు మడమతో దాన్ని మెల్లగా వెనక్కి తన్ని అప్పుడు తిరగాలి, డీవాలందరూ చేసేది అదే, ఇది హుందాగా చేయడం వస్తే చప్పట్లు పడతాయి. విగ్గు చెవుల్ని పూర్తిగా మూసేస్తే మీ సుతి మీకే వినపడదు. ఇక మడమ చెప్పులు మొదటి రిహార్సల్ నుంచీ వేసుకోవాలి, ఎందుకంటే నిలబడే తీరు మారితే ఊపిరి మారుతుంది, ఊపిరి మారితే పాట మారుతుంది.

పేరు పెట్టడం ఒక ప్రత్యేకమైన ఆనందం. లా గ్రాన్ షేనాలో గాబ్రియెల్లా తొన్నొజీతి కస్సెరువోలా అని ఒక డీవా ఉంది, గబగబా వింటే ఎంత రాజసంగా ఉందో చూడండి, విడదీస్తే ట్యూనా చేప, జీతీ పాస్తా, కాసరోల్ గిన్నె. వెరా ఇంటిపేరులో బోర్ష్ అంటే బీట్‌రూట్ సూప్ వినపడుతుంది. సూత్రం ఏంటంటే, పేరు మొదటిసారి వినగానే నిజమైన పేరే అనిపించాలి, రెండో క్షణంలో నవ్వు రావాలి. ఉదాహరణకి ఇటాలియన్‌లో తోస్సే అంటే దగ్గు, క్షయతో చచ్చిపోయే పాత్రలే వేసే డీవాకి ఒత్తావియా దెల్లా తోస్సే అని పెట్టుకోవచ్చు, కావాలంటే తీసేసుకోండి, నాకు సంతోషమే.

పేరుతో పాటు ఆవిడకి ఒక జీవితం రాయండి. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ గాయని అంటే ఆవిడకి పడదు, ఏ నోటు పాడటం మానేసి ఎన్నేళ్ళయింది, అది ఎందుకు మానేసిందని చెప్పుకుంటుంది. ప్రోగ్రామ్ కాగితంలో ఇవన్నీ చాలా గంభీరంగా అచ్చువేయాలి. లా గ్రాన్ షేనా వాళ్ళు అయితే కార్యక్రమాన్ని పరిచయం చేయడానికే ఒక రిటైరైన డీవాని పెట్టారు, పేరు సిల్వియా బిల్స్. నిజమైన గాయని బెవర్లీ సిల్స్ రిటైరయ్యాక టీవీలో ఒపెరాల్ని పరిచయం చేసేది, ఒపెరా చూసేవాళ్ళందరికీ వెంటనే తగిలే విషయం అది.

పియానిస్టుని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, నా లెక్కలో షోలో సగం ఆ మనిషే. డీవా నోటు పట్టుకుంటే వదిలేదాకా ఆగాలి, ఎప్పుడు వదులుతుందో ఆవిడ భుజం చూసి కనిపెట్టాలి, ఆ ఎదురుచూపులో ఒక పేజీ తిప్పి, కఫ్ సర్దుకుని, మళ్ళీ చేతులు కీల మీద పెట్టాలి, అదంతా మొహంలో ఏ భావమూ లేకుండా. మీరు కళ్ళతో ఇక చాలు అన్నప్పుడు సరిగ్గా ఆ క్షణానికి పియానో మీద తర్వాతి స్వరం పడాలి. వాయించడం బాగా వచ్చి, మీకన్నా ఎక్కువ నటించాలనే కోరిక లేనివాళ్ళు కావాలి, అలాంటివాళ్ళు దొరికితే వదులుకోకండి.

ఇప్పుడు చేయకూడనిది. 1853లో వెనిస్‌లో ట్రావియాటా మొదటి ప్రదర్శన దెబ్బతింది. వయొలెట్టా వేసిన ఫానీ సాల్వినీ దొనాతెల్లీకి 38 ఏళ్ళు, భారీ మనిషి, క్షయతో చిక్కి చచ్చిపోతున్నానంటే జనం నవ్వారు. ఆవిడ పాట బాగానే పాడింది, నవ్వింది ఒంటిని చూసి. ఆ నవ్వు మనకి వద్దు. లావు మీద, ముడతల మీద, ఆడవాళ్ళంటేనే ఇంతలే అనే ధోరణి మీద జోకు వేస్తే డ్రాగ్ అందం పోతుంది, మిగిలేది వెకిలితనం. డీవా ఆశల మీద వేయండి, ఆవిడకి తన కళ మీదున్న వెర్రి నమ్మకం మీద వేయండి, వయసు మీద కాకుండా వయసుకి లొంగనన్న ఆ పట్టుదల మీద వేయండి. జనం అలాంటి డీవాని చూసి నవ్వుతూనే ఆవిడ పక్షాన నిలబడతారు. 1983లో నటుడు, నాటకకర్త ఛార్ల్స్ లడ్లం కల్లాస్‌ని తలపించే గాయనిగా గలాస్ అనే నాటకం వేశాడు. అదే లడ్లం అంతకు పదేళ్ళ ముందు గౌను మెడలోంచి ఛాతీ వెంట్రుకలు కనపడుతుండగానే కామీల్ అనే నాటకంలో కథానాయికగా వేసి ప్రేక్షకుల్ని ఏడిపించాడు. మగవాడినని దాచలేదు, ఆ ఆడమనిషి బాధనీ తేలిక చేయలేదు.

ఎవరైనా ఇది ఒపెరాకి అవమానం అంటే కంగారుపడకండి, ఒపెరాకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. 1643లో మోంతెవెర్దీ పొప్పేయా ఒపెరాలో ముసలి దాది పాత్ర మగవాళ్ళు పాడిందే. 1745లో రామో రాసిన ప్లాతేలో తనని తాను అందగత్తె అనుకునే చిత్తడి నేల జలకన్య పాత్ర రాసిందే మగ గొంతుకి. ఇక 1827లో దోనిజెత్తీ అయితే ఏకంగా డీవాల గొడవల మీదే ఒక ఒపెరా రాశాడు, అందులో గాయని తల్లి మమ్మా అగతాని ఆడవేషంలో బారిటోన్ పాడతాడు. రిహార్సల్‌కి అడ్డం పడి తన కూతురికి ఇంకో పాట కావాలని గొడవపెట్టే ఆ తల్లిని ఒకసారి చూడండి, మీ డీవాకి తల్లి పాత్ర రెడీగా దొరుకుతుంది.

షో వరస సంగతి. మామూలు రిసైటల్ (ఒక్కరే పాడే కచేరీ) లాగే పెట్టుకోండి, ముందు పాత ఇటాలియన్ పాటలు, తర్వాత జర్మన్, ఫ్రెంచ్, చివర పెద్ద ఆరియా, అంటే ఒపెరాలో ఒక్కరే పాడే పాట. నవ్వులు మొదట్లో తక్కువగా ఉండాలి, మొదటి పాటని దాదాపు సీరియస్‌గా పాడేయండి, వీళ్ళకి నిజంగా పాట వచ్చు అని జనం నమ్మాలి. టోస్కా రాసిన పుచ్చీనీ, ట్రావియాటా రాసిన వెర్డీ, కార్మెన్ రాసిన బిజే చనిపోయి చాలా కాలమైంది కాబట్టి వాళ్ళ సంగీతానికి సాధారణంగా హక్కుల సమస్య రాదు, కానీ కొత్త అనువాదాలకి, కొత్త ఎడిషన్లకి, రికార్డు చేసిన ట్రాకులకి రావచ్చు, అందుకే పియానో మీద లైవ్‌గా చేయడమే మేలు.

చివర వీడ్కోలు. డీవాలకి వీడ్కోలు చెప్పడం అంటే మహా ఇష్టం. అడెలీనా పాటీ 1906లో లండన్ ఆల్బర్ట్ హాల్లో అధికారికంగా వీడ్కోలు పాడి, 1914లో కూడా స్టేజీ ఎక్కింది. నెల్లీ మెల్బా 1926లో కవెంట్ గార్డెన్‌లో వీడ్కోలు చెప్పి, ఆస్ట్రేలియాలో ఇంకా చెప్తూనే ఉంది. వెరా అయితే ప్రతి ఏడూ వీడ్కోలు కచేరీయే చేసేది, పేరే వార్షిక వీడ్కోలు రిసైటల్. మీరూ పెట్టుకోండి. పూలు అందుకోండి, వాటిలోంచి ఒక్క పువ్వు తీసి పియానిస్టుకి ఇవ్వండి, గుండె మీద చెయ్యి పెట్టి తెర దాకా వెనక్కి నడవండి, తెర వెనక ఐదు లెక్కపెట్టి చప్పట్లు ఇంకా ఉంటేనే మళ్ళీ బయటికి రండి. మూడోసారి వచ్చినప్పుడు పాడేది మాత్రం ఏ జోకూ లేకుండా, మీకు బాగా వచ్చిన ఒక చిన్న పాట, పూర్తిగా నిజంగా.